మూడో చరణంలో వెలిగిన తెర

ఓర్వకల్లు చర్చిలో పాటల చరణాలు తెర మీద చూపించే పని బట్టలు కుట్టే కృపారాణిది. అక్కడి లినక్స్ కంప్యూటర్ పాతది. దాని గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, ఇవ్వడం కంపెనీ ఎప్పుడో మానేసింది. ముక్కూ మొహం తెలియనివాళ్లెవరో ఊరికే రాసిపెట్టిన డ్రైవరుతోనే తెర మీద అక్షరాలు కనిపిస్తున్నాయి. పారేసి కొత్తది కొందామన్నవాళ్ల మీద ఆమె కస్సుమంటుంది.

ఆ ఆదివారం మాత్రం తప్పు ఆమెదే. డ్రైవరుకు అప్‌డేట్ వచ్చిందని చూసి, ఆగలేక ఆరాధనకు ముందే ఎక్కించింది. పాట ఎత్తుకునేసరికి తెర నల్లగా ఉండిపోయింది. తనను తాను తిట్టుకుంటూ కంప్యూటర్ ఆపి, పాత డ్రైవరుతో మళ్లీ మొదలుపెట్టింది. జనం ఈలోగా కంఠతా వచ్చిన పాటను కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నారు.

మూడో చరణం మధ్యలో తెర వెలిగింది, మొదటి చరణంతో. కళ్లు తెరిచినవాళ్లు బుద్ధిగా మొదటి చరణం ఎత్తుకున్నారు. తెరవనివాళ్లు మూడోదే పాడుతున్నారు. పాట కలగాపులగమై ఆగిపోయింది.

ముందు వరసలో ఉన్న ఆమె చిన్నాన్న, సంఘపెద్ద గాబ్రియేలు వెనక్కి తిరిగాడు.

"ఏం కృపా, మళ్లా మొదట్నుంచి పాడమంటాండావా?"

"పాడండి చిన్నాయనా," అంది ఆమె, మౌస్ మీంచి చెయ్యి తీయకుండానే లేచి నిలబడుతూ. "ఇందాక నేను పాడలేదు."