ఆకు చుట్టూ అరంగుళం

మా వీధి చివర చెత్తకుప్పగా పడి ఉన్న స్థలాన్ని బాగుచేసి, ఈ నేలలో తమంతట తామే మొలిచే మొక్కలను మేమంతా కలిసి పెంచడం మొదలుపెట్టినప్పుడు, కటింగ్ మాస్టారు వారం రోజులు కంచె బయటే నిలబడ్డారు. "జిల్లేడుని పనిగట్టుకుని పెంచుతారా? మీకేం పొద్దుపోవడం లేదా?" అని నవ్వేవారు. ఎనిమిదో రోజున మెడలో టేపుతో లోపలికి వచ్చేశారు. దర్జీ దుకాణం మూసి ఏడాదైనా ఆ టేపును స్నానానికి తప్ప తీసేవారు కాదు.

తోటకు పెద్దదిక్కు వృక్షశాస్త్రం చెప్పే పంతులమ్మ. అక్కడున్న నలభై ఒక్క మొక్కలతో ఒక పుస్తకం చెయ్యాలని ఆవిడ కోరిక. అందులో ప్రతి ఆకూ అసలు ఎంత ఉంటే అంతే ఉండాలి. దారిలో దొరికిన ఆకును తెచ్చి బొమ్మ మీద పెడితే, చదువు రానివాళ్లు కూడా మొక్కను పోల్చుకోగలగాలి. మా మొక్కలు ఇంకా లేతవి కనుక బొమ్మ కోసం ఆకు తుంచడానికి మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు.

"కొలిచి గియ్యడమేగా? నేనున్నానుగా," అన్నారు మాస్టారు.

అలా ఆయన మాకు చిత్రకారుడైపోయారు. పొద్దున్నే మోకాళ్ల మీద కూర్చుని ఆకులను కొలిచేవారు. చిన్న ఆకులైతే అక్కడే చూసి గీసేవారు. అరచేతికి మించినవైతే కొలతలు పుస్తకంలో రాసుకుని, ఇంటికెళ్లి గుడ్డలు కత్తిరించిన ఆ పాత బల్ల మీదే గీసేవారు. రంగులకు బట్టల మీద గీతలు గీసే సుద్దముక్కలు అరగదీసి, ఆ పొడిని వేలితో అద్దేవారు. ఆకు వెడల్పును భుజం అనేవారు, తొడిమ దగ్గర మెడ అనేవారు. "జిల్లేడు పువ్వుకి కాలరు భలే కుదిరిందమ్మా! నేను కుదర్చాలంటే రెండుసార్లు విప్పాలి," అని పంతులమ్మతో అంటుంటే ఆవిడ కడుపు పట్టుకుని నవ్వేది.

మాస్టారు కత్తిరిస్తే ఆయన భార్య కుట్టేది. నలభై ఏళ్లు ఈ ఊరికి బట్టలు తొడిగింది వాళ్లిద్దరే. ఒకసారి నీళ్లు పోస్తూ ఆయన నాతో అన్నారు: "నేను కోసినవన్నీ చిరిగిపోయాయండీ. లేదా పొట్టివైపోయాయి. ఇదొక్కటైనా నిలుస్తుందేమోనని ఆశ."

సోమవారం అచ్చుకు ఇవ్వాలి. గురువారం నాడు పంతులమ్మ స్కేలు పట్టుకుని ఒక్కో బొమ్మా సరిచూడటం మొదలుపెట్టింది.

"మాస్టారూ, ఈ మోదుగాకు ఆరంగుళాలే. మీ బొమ్మలో ఏడుంది."

"ఆకు పెరిగుంటుందమ్మా."

"పెరిగితే కొమ్మ మీద పెరగాలి గానీ, కాగితం మీద ఎలా పెరుగుతుందండీ?"

మాస్టారు టేపు తీసి అదే ఆకును కొలిచారు. ఆరు. పుస్తకంలో రాసుకున్నదీ ఆరే. కాగితం మీద మాత్రం ఏడు. చిన్న ఆకులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంట్లో గీసిన పదకొండూ తేడాగా ఉన్నాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఈ పదకొండింటికీ బొమ్మలు ఆపేద్దాం మాస్టారూ. కొలతలు మాటల్లో వేద్దాం," అంది పంతులమ్మ నొచ్చుకుంటూనే.

"అలాగేనమ్మా." మాస్టారు టేపు మెడలో వేసుకున్నారు. కాగితాలు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. మర్నాడు తోటకు రాలేదు.

శనివారం నేనూ పంతులమ్మా వాళ్లింటికి వెళ్లాం. ఆయన భార్య తలుపు తీసింది.

"రండి రండి. లోపల గోడకేసి తిరిగి పడుకున్నారు. రెండ్రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందనుకున్నారు!"

బల్ల మీద మోదుగాకు బొమ్మ పరిచి ఉంది. ఆకులూ అలములూ తనకెందుకని ఆవిడ అంతవరకు వాటికేసి చూడనే లేదట. మేము వచ్చిన సంగతి చెప్పాక కళ్లజోడు పెట్టుకుని వంగింది. అంచు మీద బొటనవేలు ఆనించి లోపలికి జరిపింది. ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఏమండీ! దీనికి కుట్టుకు వదిలారేంటి?"

"ఏం వదిలాను?" లోపలి నుంచి గొంతు.

"చుట్టూ అరంగుళం! గుడ్డకి కుట్టు కోసం ఎక్కువ వదిలినట్టే! నలభై ఏళ్లు మీరు గీసిందే కుట్టాను, మీ చెయ్యి నాకు తెలీదా? ఆకుకి అస్తరు కూడా వేయిద్దామనుకున్నారా?"

మాస్టారు లేచి వచ్చి బొమ్మకేసి చూశారు. వేలితో అంచు తడిమారు. తరువాత, "బల్ల ముందు కూర్చుంటే చెయ్యి దానంతటదే వదిలేసిందే," అని తల పట్టుకుని తానూ నవ్వేశారు. ముందు ఎవరు ఆపాలో తెలియక నలుగురం నవ్వుతూనే ఉన్నాం.

ఆవిడ మిషను సొరుగులోంచి పిడి చివర పళ్ల చక్రమున్న పనిముట్టు తీసింది. కాగితం మీద దొర్లిస్తే అది చుక్కల గీత వేస్తుంది. కొలవకుండానే అంచుకు అరంగుళం లోపలగా ఆకు చుట్టూ తిప్పింది. పంతులమ్మ స్కేలు పెట్టింది. ఆరు! పదకొండూ అలాగే తిప్పాక, ఆదివారం పొద్దున తోటకు తీసుకెళ్లి, ఒక్కో ఆకు కిందా దాని బొమ్మ పట్టి చూశాం. ప్రతి ఆకూ చుక్కల మధ్య ఒదిగిపోయింది.

"బయటి గీత చెరిపేస్తానమ్మా," అన్నారు మాస్టారు.

"ముట్టుకోకండి! కింద ఒక ముక్క రాస్తాను: బయటి గీత దర్జీది, చుక్కల గీత ఆకుది. బొమ్మల దగ్గర మీ ఇద్దరి పేర్లూ వేస్తాను."

"అయితే ఆవిడ పేరే ముందు వెయ్యండి. నేను కోసినవి ఒంటికి పట్టేలా చేసింది ఎప్పుడూ ఆవిడే."

"ఈ మాట ముప్పై ఏళ్ల కిందట అనుంటే ఇంకో పది చొక్కాలు ఎక్కువ కుట్టేదాన్ని," అంది ఆవిడ, కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటూ.

పుస్తకం అచ్చయి వచ్చిన రోజున దాన్ని తోటలో బెంచీ మీద పెట్టాం. మొదట వచ్చింది పాలాయన. ఎక్కడో రాలిన మోదుగాకు తెచ్చి, ఒక్కో పేజీ తిప్పుతూ పెట్టి చూశాడు. ఒకచోట అది చుక్కల గీతకు సరిగ్గా సరిపోయింది. మాస్టారు పక్కనే నిలబడి చూస్తున్నారు.

"ఇదే! మోదుగ!" అన్నాడు పాలాయన. తరువాత అనుమానంగా, "మరి ఈ బయటి గీత ఎందుకు మాస్టారూ?"

"ఆకు కాస్త ఒళ్లు చేస్తే వదులు చెయ్యడానికి," అన్నారు మాస్టారు.

పాలాయన నిజమేనన్నట్టు తలూపి, జేబులోంచి ఇంకో ఆకు తీశాడు.