నడిమి పేజీ

భువనగిరి గ్రంథాలయంలో కొత్త నవలల అర కోసం పుస్తకాలు నేనే ఏరాలట. ఇవాళ పొద్దున ఫోన్ వచ్చింది. "మేడం, మీరు ఏ పుస్తకమంటే గా పుస్తకమే పెడ్తం" అన్నాడు గ్రంథపాలకుడు. మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. మేడం అనిపించుకున్నవాళ్లు అసలే లేరు. ఫోన్ పెట్టేశాక నాకు మొదట కళ్లముందు మెదిలింది మాత్రం కాలేజీలో మాకు తెలుగు చెప్పిన సారు మొహం.

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటేడు డిగ్రీలో చేరాను. చదవాల్సిన నవలలు ఇవీ అని ఒకరోజు సారు బోర్డు మీద రాశాడు. అన్నీ ఒకే తీరు ఇండ్ల కథలు, ఒకే తీరు మాట. నేను లేచి నిలబడ్డాను.

"సార్, మన దిక్కు మాటల రాసిన నవల ఒక్కటి గూడ లేదా?"

మాది మగ్గం నేసే ఇల్లని ఆయనకు తెలుసు. నవ్వాడు. "మీ మాటల్లో పాటలుంటాయమ్మా. నవలకు భాష కావాలి. నువ్వు మగ్గం దగ్గర కూర్చుని పాడుకో."

క్లాసంతా నవ్వింది. రోజూ నా పక్కన కూర్చుని అన్నం తినే ముందు బెంచీ పిల్ల అందరికంటే గట్టిగా నవ్వింది.

ఆ సాయంత్రమే పంతం పట్టాను. బోర్డు మీది నవలలూ చదువుతాను, ఆయన రాయనివీ చదువుతాను, ఏది నవలో నేనే తేల్చుకుంటాను. కానీ ఏరడమెట్లాగో చెప్పేవాళ్లు లేరు. నాకు తెలిసిన ఏరడం ఒక్కటే, నూలు ఏరడం. కొందరు కట్ట పైన మెరిసే నూలు పెట్టి, ముడులు పడిన నూలు లోపల దాస్తారు. అందుకని బాపు, అంటే మా నాన్న, పైనూలు ముట్టడు. కట్ట నడుమ వేలు దూర్చి ఒక పోగు లాగి, మెలితిప్పి, తెంపి చూస్తాడు. నేనూ అట్లాగే అట్ట చూడకుండా, ముందుమాట జోలికి పోకుండా, నడిమి పేజీ తీసేదాన్ని. ఆ పేజీ గట్టిగా నిలిస్తేనే మొదటికి వచ్చేదాన్ని.

బోర్డు మీది పెద్ద నవలలు కొన్ని పుటుక్కున తెగాయి. కొన్ని నిలిచాయి, కోపంగా ఉన్నా వాటిని వదల్లేకపోయాను. అనువాదాల్లో రష్యా మంచు చూశాను, బెంగాల్ వరద చూశాను, ఆఫ్రికాలో ఒక ఊరి పెద్దల పంచాయితీ విన్నాను. అచ్చంపేట నుంచి వచ్చిన హాస్టల్ రూమ్మేట్ అడవి గూడేల నవల ఒకటి తెచ్చిచ్చింది. ఉర్దూ నుంచి వచ్చిన నవలలో దవాఖాన, ఫికర్, కిరాయి అనే మాటలు కనబడితే, అవే మాట్లాడే మా ముసలవ్వ పక్కన కూర్చున్నట్టే ఉండేది. డిగ్రీ అయ్యాకా చదవడం ఆపలేదు. ఒక్కో నవల అయిపోగానే దాని గురించి కొంచెంసేపు మాట్లాడి, రికార్డు చేసి, ఆ మాటలు కాలేజీ పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులో పెట్టేదాన్ని. మా మాటలోనే పెట్టేదాన్ని. సారు కూడా ఆ గ్రూపులో ఉన్నాడని తెలిసే పెట్టేదాన్ని. అవే ఆ చేతా ఈ చేతా పడి గ్రంథపాలకుడి దాకా పోయాయి.

మధ్యాహ్నం గ్రంథాలయం నుంచి, ఏరాల్సిన పుస్తకాల సంచి తెచ్చుకున్నాను. విప్పితే అందులో సారు నవల ఉంది. మొదటి నవలట. తెలంగాణ మాటలో రాశాడు.

నాకెంత సంబరమైందో. బాపు వింటుండగా సారు పరువు తీద్దామని మగ్గం పక్కనే కూర్చుని, నడిమి పేజీ తీసి గట్టిగా చదివాను. అందులో ఒక తల్లి ఆసు పోస్తూ ఉంటుంది. పోగును మేకుల చుట్టూ తిప్పీ తిప్పీ భుజం పడిపోయింది. జర ఆగమని ఎదురింటామె అంటే, "ఆగితె నొప్పి యాదికొస్తది, నన్ను మాట్లాడియ్యకు" అంటుంది.

మగ్గం చప్పుడు ఆగింది.

"మల్ల?" అన్నాడు బాపు.

"పేజీ గంతే."

"తిప్పు మరి."

"గిది గా సారే రాసిండు బాపు. నన్ను పాడుకోమన్నాయన."

బాపు మగ్గం మీంచి నా వైపు తిరిగాడు. "అమ్మెటోని మీద కోపముంటె మంచి నూలు పారేస్తమా బిడ్డా?"

"నువ్వైతే కొంటవా?"

"కొంట. వాన్ని శానసేపు నిలవెట్టి కొంట."

సారు నవల అరలో ఉంటుంది. నా పద్ధతి నాకే అడ్డం పడింది, ఏం చేస్తాను. అయితే అర తెరిచే రోజు ఆయన అందరి ముందూ నిలబడి ఆ నడిమి పేజీ మా మాటలో చదవాలి. నేను ముందు వరుసలో కూర్చుంటాను. నవ్వాలో వద్దో అప్పుడు చూస్తాను.

పుస్తకాలు ఏరేది నేనని ఎవరు చెప్పారో, సారు సాయంత్రం నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాడు. మోగనిస్తున్నాను. నేను చేయాల్సిన ఫోన్లే ఇంకా మిగిలాయి:

షాద్‌నగర్‌లో చిన్నమ్మ, కంపెనీ షిఫ్టు దిగాక.

అచ్చంపేట రూమ్మేట్. ఆ అడవి నవల అరలో మొదటిది.

అవ్వ. చెవులు వినబడవు కాబట్టి అరిచి చెప్పాలి, వాడకంతా తెలిసిపోతుంది.

ముందు బెంచీ పిల్ల. ఆమెకు నిదానంగా, మొదటి నుంచీ చెప్పాలి.

సారు. రేపు చూద్దాం. లేకపోతే ఎల్లుండి.