దిగుడక్క

పూతలపట్టు కూడలిలో ట్రైలర్ ఆపి, ఎయిర్ బ్రేకు ఉస్సుమని గాలి వదిలినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అది నేను తోలే బండి మరి! డీజిలు, వేడెక్కిన రబ్బరు, పక్క అంగట్లో వేగుతున్న బజ్జీలు, అన్నీ కలిసిన వాసన ముక్కుకు తగలగానే మునిరత్నం చిన్నాయన గుర్తుకొస్తాడు. సొంత చిన్నాయన కాదు, ఐరాలలో మా పక్కింటాయన. ట్రైలర్లు తోలి తోలి మోకాళ్ళు అరిగిపోయాక, చిత్తూరులో ఒక లారీల యజమాని దగ్గర కొత్త డ్రైవర్లకు పని నేర్పేవాడు. నేనప్పటికి ఐరాల నుంచి చిత్తూరుకు టెంపోలో బెల్లం తోలుతున్నాను. హెవీ లైసెన్సు తెచ్చుకున్నాను గానీ, ఆ పొడవాటి బండి ఎక్కాలని ఒకటే పిచ్చి. నేర్పించమని ఆయన వెంటపడ్డాను.

"తోలేదానికి ఏముండాది మే, ఎవురైనా తోల్తారు. మలిపేది, ఎనక్కి తీసేది, అదీ పని" అన్నాడు.

మొదటి రోజే నా పరువు తీశాడు. కొత్తగా బండి తీసే ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం మాకు అలవాటు. నేను మహా భక్తిగా ముందు టైర్లకు చెరొకటి పెట్టి, దండం పెట్టుకుని ఎక్కబోయాను. చిన్నాయన చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఎనక బండికి యాడమ్మీ నిమ్మకాయ?"

"బండికి పెట్టినాను కదా చిన్నాయనా!"

"నువ్వు పెట్టింది ఇంజనుకు. నలభై అడుగుల బండి ఎనకాల ఉండాది, సూడు. నిమ్మకాయ కాడే దాన్ని మర్సిపోయినావే, మలుపులో గుర్తు పెట్టుకుంటావా?"

చుట్టూ ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజంతా నన్ను స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. బండి చుట్టూ నడిపించాడు, అంతే. సాయంత్రానికి దాని పొడవెంతో కళ్ళకంటే ముందు నా కాళ్ళకు తెలిసింది.

తర్వాత మలుపులు. ఇంజను మలుపు దాటిందని సంబరపడితే, వెనక చక్రాలు లోపలికి కోసుకుంటూ వచ్చి రోడ్డంచు రాయి ఎక్కేవి. ఇక రివర్సు తమాషా చెప్పనే అక్కర్లేదు. వెనక భాగం ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి! నా బుర్రకు అది ఎక్కేసరికి బండి మధ్యలో మడతపడిపోయేది. "సాలు సాలు, దిగు. పొయ్యి సూసి రా" అనేవాడు. రోజుకు నలభైసార్లు దించేవాడు. ఒకసారి విసుగొచ్చి, అద్దంలో ఏమీ కనపడలేదు కదా, ఎందుకు దిగాలన్నాను.

"అద్దంలో కనపడలేదంటే ఆడ ఏమీ లేదని కాదు మే. ఏముండాదో నీకు తెలీదని."

నెల తిరిగాక ఒక పొద్దున ట్రైలరు గీత గీసినట్టు వెనక్కి వెళ్ళి నిలబడింది. అబ్బ, ఆ సంతోషం! కిందికి దూకి కేకలు పెట్టాను. ఆయన మాత్రం టైర్లు చూసొచ్చి "ఊ" అన్నాడు. ఆయన నోట అది పెద్ద మెప్పే.

యజమాని పరీక్ష మామిడికాయల కాలంలో వచ్చింది. చిత్తూరు పక్కన గుజ్జు ఫ్యాక్టరీలో లోడింగు అరుగుకు ట్రైలరు ఆనించాలి. సరిగ్గా పెడితే బండి నాది, లేదంటే మళ్ళీ టెంపోనే. కాయల ట్రాక్టర్లు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. ఒకసారి దిగాను. రెండోసారి దిగాను. హమాలీలు నవ్వడం మొదలుపెట్టారు. యజమాని విసురుగా వచ్చి నన్ను నిలబెట్టి అరిచాడు. "ఇది బండి తోలేదా, బస్సులో టికెట్లు కొట్టేదా? ఎన్నిసార్లమ్మా దిగేది?"

తిట్లు తిని ఎక్కాను. రివర్సు గేరు వేశాను. ట్రైలరు కుడికి వంగి ఉంది, ఎడమ అద్దంలో గోడ తప్ప ఏమీ లేదు. ఇంకో ఐదడుగులే. ఇప్పుడే కదా చూశాను! మళ్ళీ దిగితే ఉద్యోగం పోయినట్టే. కాలు యాక్సిలరేటరు మీద పెట్టాను. ఛీ, పోతే పోనీ అని బ్రేకు బిగించి మూడోసారి దిగాను.

ఎడమ పక్క వెనక టైరుకు వీపు ఆనించుకుని, కాయలు కోసే ముసలామె క్యారియరు విప్పుకుని కూర్చుంది. నేను తిట్లు తింటున్న ఆ కాసేపట్లో వచ్చినట్టుంది.

"నీడుండాదని కూసున్నానమ్మా, లెయ్యాల్నా?" అంది.

ఆమె రెక్క పట్టుకుని లేపాను. నా వెనకే తిట్టడానికి వచ్చిన యజమాని, ఆ క్యారియరునూ ఆ టైరునూ చూసి నిలబడిపోయాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచి చిన్నాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు.

"దిగినన్ని దినాలు ఈ బండి ఈ పాపదే సామీ. దిగేది మానేసిన దినం నేనే వొచ్చి తాళం పెరుక్కుంటా."

ఇప్పుడు ఈ దారిలో డ్రైవర్లందరూ నన్ను దిగుడక్క అని పిలుస్తారు. ఎగతాళికే పెట్టారులెండి, నాకు మాత్రం బిరుదులా ఉంటుంది. చిన్నాయన పోయి రెండేళ్ళయింది. తాళం పెరుక్కోవడానికి ఆయనిక రాలేడు. ఆ పని కూడా ఇప్పుడు నాదే.