శుభ్రమైన డబ్బాలో మైనం ముక్క

మా బావ ఉద్యోగం తేనెటీగలకు పాఠం చెప్పడం. ఒక్కో ఈగను మంచులో పెట్టి కాసేపు మత్తెక్కించి, తల మాత్రం బయటికి ఉండేలా చిన్న గొట్టంలో బిగిస్తాడు. అది తేరుకున్నాక నిమ్మ వాసన చూపించి, వెంటనే చక్కెరనీళ్లు తాకిస్తాడు. నాలుగైదుసార్లు అలా చేస్తే, నేర్చుకున్న ఈగ వాసన రాగానే నాలుక చాపుతుంది.

"ఇంట్లో మనిషి పిలిస్తే పలకరు గానీ, ఈగ నాలుక చాపితే మురిసిపోతారు," అంటుంది అక్క.

తేనెటీగల మీద పరిశోధన చేసే ఒక ప్రయోగశాలలో బావ కాంట్రాక్టు ఉద్యోగి. కొత్తగా పుట్టిన ఈగ పేగుల్లో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు; గూట్లోని పెద్ద ఈగల నుంచి అంటుకుంటాయి. అవి లేకుండా పెరిగితే మెదడు పనితీరు మారుతుందా అన్నది వాళ్ల మేడమ్ ప్రశ్న. అందుకని కొన్ని ఈగలను గూడు తగలనివ్వకుండా, మరిగించి శుద్ధి చేసిన డబ్బాల్లో పెంచుతారు. అవి నేర్చుకోవడంలో వెనకబడేవి. ఒకదాన్నొకటి పెద్దగా తాకేవి కూడా కావు.

"లిఫ్టులో జనంలా నిలబడతాయమ్మాయ్, ఎవరి మూల వాళ్లది," అనేవాడు నాతో.

ఒక విడతలో మాత్రం శుభ్రమైన డబ్బా ఈగలు చకచకా నేర్చేసుకున్నాయి. గూటి ఈగలకు ఏమాత్రం తీసిపోలేదు. మేడమ్ సంబరపడిపోయింది. ఇన్నాళ్లు అనుకున్నదంతా తలకిందులైంది, సదస్సులో ఇదే చెబుతానంది. ఆ రాత్రి ఇంట్లో బావ కంచంలో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"ఏం చేశారో చెప్పండి," అంది అక్క.

"పట్టుకోడానికి ఏమీ లేక ఈగలు డబ్బా గోడలమీద జారిపోతున్నాయి. గూట్లోంచి చిన్న మైనం ముక్క తెంపి లోపల పెట్టాను."

"ఎందుకూ?"

"పాపం అనిపించింది."

"బాగుంది! కాంట్రాక్టు ముగిసే నెలలోనే పొంగుకొచ్చిందా జాలి? ఊరుకోండి, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసుగా. రేపు ఆవిడ అందరి ముందూ నిలబడి చెబుతుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మా పాప పాలసీసా మరిగించిందే మళ్లీ మరిగించే నాకు, ఒక్క ముక్క ఎంత పని చేయగలదో తెలుసు.

మర్నాడు బావ చెప్పేశాడు.

"శుభ్రత నియమాల కాగితం గోడకి అంటించింది మీరే కదండీ?" అంది మేడమ్.

"నేనేనండీ."

"ముందు పేగులు చూడండి. ఆ ముక్కవల్లే అయితే ఒక విడత పోయినట్టు. కాకపోతే నేను చెప్పబోయేది నిజమే. మీ సంగతి ఆ తరవాత."

పాపమనుకున్న ఈగలనే బావ చంపి పేగులు తీయాల్సి వచ్చింది. పట్టకారుతో కొండి పట్టుకుని లాగితే పేగు మొత్తం ఊడివస్తుంది. పేగు రసం పూసిన గాజు పళ్లేల్లో రెండుమూడు రోజులకి గూటి ఈగల సూక్ష్మజీవులే దట్టంగా పెరిగాయి. వాటిని తనే తీసుకెళ్లి మేడమ్ బల్లమీద పెట్టాడు.

సదస్సులో మాట్లాడనని ఆవిడ అప్పటికప్పుడే నిర్వాహకులకు ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"రేపటికి కొత్త డబ్బాలు మరిగించి పెట్టండి. పట్టుకోడానికి ఏదైనా కావాలంటే ప్లాస్టిక్ వల ముక్క వేద్దాం, అదీ మరిగించి. కానీ నన్నడిగి."

"అలాగే మేడమ్," అన్నాడు బావ.