అంగుళం పొట్టి కాలు

మట్టం మేస్త్రి అంటే ఆ కొండల కింద తెలియనివాళ్ళు లేరు. నలభై ఏళ్ళుగా ఆయన చేసింది ఒక్కటే పని. వాన నీరు కొండ దిగి పారిపోకుండా వాలుకు అడ్డంగా కందకాలు తవ్వించడం. దానికి యంత్రాలేమీ లేవు, మూడు కర్రల చట్రం ఒకటి ఉండేది. రెండు పొడుగు కాళ్ళు, నడుమ అడ్డకర్ర, పై కొస నుంచి దారం, దారం చివర ఓ రాయి. దారం అడ్డకర్ర మీద గీతను తాకిందంటే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టు. అలా జరుపుకుంటూ గుర్తులు పెట్టి తవ్వితే ఆ కందకంలో నీరు ఎటూ పోదు. నిలబడి, నేలలో ఇంకి, కింద బావిలో ఊరుతుంది.

పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆయన విసుగు లేకుండా చెప్పేవాడు. "పరిగెత్తే నీళ్ళని నడిపించండి, నడిచే నీళ్ళని నిలబెట్టండి, నిలబడ్డ నీళ్ళని ఇంకించండి. ఇంకోటి చెప్తా, చెవిన పెట్టుకోండి. చట్రం కాలు కోసినా మార్చినా, పాత గీత చెరిపేసి కొత్త గీత పెట్టుకోవాల్సిందే!" ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులని ఊరికే అన్నారా? వందమందికి చెప్పిన మాట తన దగ్గరికి వచ్చేసరికి తానే గాలికొదిలేశాడు. అదీ ఎవరి కోసం చేస్తున్న పనిలో? సొంత అక్క కోసం చేస్తున్న పనిలో.

అక్క ఇల్లు కొండ పాదాన ఉంది. ఒక గది, ఒక వంటిల్లు, పక్కన మూడు ఆవుల కొట్టం, కొట్టం వెనక బావి. బావ పోయాక ఆ పాల మీదే బతికింది. చేద తాడుకు ఆమె మూరకొక ముడి వేసింది. ఒకప్పుడు తాడు నాలుగో ముడి దాకా దిగితే చేద నీళ్ళను తాకేది. ఈ ఏడు పదకొండో ముడి దాటినా అడుగు బురదే తోడుకుంది.

"ఈ వానలకి బావి ఊరకపోతే ఆవుల్ని పాలవ్యాపారికి తోలేస్తానురా," అంది ఎండాకాలంలో. "మూడు నెలలాగి నెలాఖరున వస్తానన్నాడు. తర్వాత కూతురింట్లో ఓ మూల పడి ఉంటాను. ఏం చేస్తాం, నీళ్ళు లేని చోట పశువుని కట్టేయడం పాపం కదా."

"నేను బతికుండగానా?" అన్నాడు తమ్ముడు. ఆ మాటతోనే వచ్చి కూర్చున్నాడు.

ఇద్దరు కూలీలతో మూడు నెలలు తవ్వాడు. పైనుంచి రెండు కందకాలు అద్దంలా వచ్చాయి. మూడోదానికి గుర్తులు పెడుతుంటే ఓ బండ దొర్లి చట్రం ముందు కాలు అడుగున చీలింది. మేస్త్రి చీలిన ముక్క, ఒక అంగుళం, కోసి పారేశాడు. గీత మళ్ళీ పెట్టాలి. పెట్టడానికి పావుగంట కూడా పట్టదు. కానీ అన్నం చల్లారిపోతోందని కింద నుంచి అక్క కేకేసింది, అటు మబ్బు పడుతోంది, కూలీలు ఊరికే నిలబడ్డారు. తిన్నాక పెడదాంలే అనుకున్నాడు. తిన్నాక మరిచిపోయాడు. అయ్యో, ఇంతే జరిగింది!

పొదల్లో చట్రాన్ని తిప్పే వీలు లేక, ఎత్తి ముందుకు జరుపుతూ పోయాడు. పొట్టి కాలు ఎప్పుడూ ముందే ఉంది. అంటే జరిపిన ప్రతిసారీ నేల మీది గుర్తు అంగుళం పైకెక్కింది. అరవైసార్లు జరిపేసరికి ఐదడుగులు. మూడు, నాలుగు, అయిదు కందకాలూ అంతే. కాలిబాట అటే ఉందని ప్రతి కందకాన్నీ అక్క ఇంటి నెత్తిమీదే మొదలుపెట్టాడు, అంటే పల్లపు చివర అక్కడే.

నెలాఖరుకు ఒకరోజు ముందు, మధ్యాహ్నం, మొదటి జల్లు పడింది. నీళ్ళు నిలబడ్డాయేమో చూద్దామని మేస్త్రి సంబరంగా కొండెక్కాడు. పై రెండు కందకాల్లో నీరు ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా పరుచుకుంది. మూడోదాని అవతలి చివర పొడిగా ఉంది. ఇవతలి చివర గట్టు అంచు దాకా నిండింది. నాలుగు, అయిదు కూడా అలాగే ఉన్నాయి. చట్రం కాలు గుర్తొచ్చి నెత్తి బాదుకున్నాడు. తలెత్తి చూస్తే అసలు వాన ఇంకా కొండ అవతలే ఉంది, నల్లగా.

"అక్కా! పార పట్టుకుని రా!"

కందకాల్లో పదడుగులకొక అడ్డకట్ట వేస్తే నీళ్ళు మెట్లు మెట్లుగా ఆగుతాయి. కూలీలు పని ముగించుకుని ముందే వెళ్ళిపోయారు, అక్కాతమ్ముళ్ళిద్దరే చేతులు బొబ్బలెక్కేలా వేశారు. మూడోది సగమైనా కాలేదు, కుండపోత మొదలైంది. వేసిన కట్టలు వేసినట్టే కరిగిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయిదో కందకం చివర గట్టు చెమ్మగిల్లి బీటలిచ్చింది. దాని కింద ఆవులు అరుస్తున్నాయి.

దారి ఒక్కటే మిగిలింది. ఆ మూడింటి చివర్లను పక్కనున్న రాతి వాగులోకి కోసేయాలి. కోస్తే ఇల్లు దక్కుతుంది. వాటి నీళ్ళు మాత్రం బావికి చుక్క దక్కకుండా వాగులో పడి పోతాయి. మేస్త్రి పార ఎత్తాడు, దించాడు. చెయ్యి రాలేదు.

"నేనే తప్పు చేశానక్కా. కాలు కోసి గీత మార్చలేదు. మూడు నెలలు నీ కొంప మీదకే నీళ్ళకి దారి తవ్వాను."

అక్క ముఖం మీద వాన కారుతోంది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "తర్వాత ఏడుద్దువుగాని. ముందు కొయ్యరా," అంది.

కోశాడు. జీవితమంతా ఆపిన నీటిని తన చేత్తో తానే వదిలాడు. అది ఎర్రగా, అరుచుకుంటూ వాగులోకి దూకింది.

తెల్లారింది. తాడు పదకొండో ముడి దగ్గరే ఉంది. పాలవ్యాపారి బండితో వాకిట్లో నిలబడ్డాడు.

"పది రోజులాగక్కా," మేస్త్రి బతిమాలాడు. "పై రెండూ నిండుగా ఉన్నాయి. అవి సరిగ్గానే తవ్వాను. కొండలోంచి నీరు దిగడానికి పది రోజులు పడుతుంది. ఇది నా నలభై ఏళ్ళ లెక్క."

"నీ లెక్క మీదే కదురా మూడు నెలలు కూర్చున్నాను," అంది అక్క మెల్లగా. "నా కోసం ఒళ్ళు హూనం చేసుకున్నావు, కాదనను. కానీ నిన్నటి తర్వాత నీ మాట మీద ఇంకో పది రోజులు ఆవుల్ని దాహంతో మాడ్చలేను నాయనా."

మొదటి రెండు ఆవులూ తమంతట తామే బండెక్కాయి. మూడోది, కుంటి ఆవు, ఎక్కనని మొండికేసింది. అక్కే దాని మెడ నిమిరి, బుజ్జగించి ఎక్కించింది.

మేస్త్రి వెళ్ళిపోలేదు. చట్రం కాళ్ళు అటుదిటు మార్చి నిలబెట్టి, దారం తాకిన రెండు చోట్లా గుర్తు పెట్టి, నడిమధ్యన కొత్త గీత గీశాడు. ఒక్కడే అయిదో కందకం పూడ్చడం మొదలుపెట్టాడు. లోపల అక్క, కూతురు వచ్చి తీసుకెళ్ళేలోగా, మూటలు కట్టుకుంటోంది.

పదో రోజు పొద్దున ముఖం కడుక్కుందామని చేద వేశాడు. తాడు ఇంకా చేతిలో మిగిలి ఉండగానే చేద దబ్బుమంది. చూస్తే ఎనిమిదో ముడి. నమ్మలేక మళ్ళీ వేశాడు. ఎనిమిదే.

"అక్కా," అన్నాడు. "అక్కా, ఊరింది."

ఆమె వచ్చి తాడు పట్టుకుని ముడి తడిమి చూసింది. ఒక చేద తోడింది, కొట్టంలోకి నడిచింది, ఖాళీ తొట్టిలో పోసింది. మళ్ళీ వచ్చి ఇంకో చేద తోడింది. తొట్టి నిండేదాకా తోడుతూనే ఉంది. తమ్ముడు గుంజ పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"ఊరుకోరా," అంది అక్క, అటు చూడకుండానే. "ఇది వాటికి నీళ్ళు పోసే వేళ."