ఇంట్లో పడిందని రాశాను

మీరు పనిచేసే చోట ఎక్కడ అడుగు కాస్త ఎత్తి వేయాలో మీకు బాగా తెలుసు. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికైనా చెప్పారా?

నేను చెప్పలేదు. రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. మా గది గుమ్మం ముందు ఒక టైల్ అంచు బొటనవేలి మందాన పైకి లేచి ఉండేది. స్ట్రెచర్ వస్తే ఇద్దరం పట్టి ఎత్తి దాటించేవాళ్ళం. అదీ ఉద్యోగంలో భాగమే అనుకున్నాం.

ఒక ఉదయం, కోరుకొండ నుంచి బస్సులో వచ్చే ఆయా రెండు చేతులా నీళ్ళ బేసిన్ పట్టుకుని వస్తూ ఆ అంచుకు తట్టుకుని పడింది. యాభై దాటిన మనిషి. లేవలేకపోయింది.

సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు. "ఏంటమ్మా, కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడుస్తున్నావా?"

"చేతుల్లో బేసిన్ ఉందండి. కాళ్ళకేమైనా కళ్ళుంటాయాండి?" అంది, అంత నొప్పిలోనూ. ఆయన వంగి ఆమె చెవిలో ఏదో చెప్పాడు.

ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టాక ఆమె నా చొక్కా పట్టుకుంది. "బాబుగారూ, ఇంట్లో బాత్రూంలో పడ్డానని రాసెయ్యండి."

"అబద్ధం ఎందుకమ్మా?"

"ఇక్కడ పడ్డానని రాస్తే మళ్ళీ పనిలోకి రానివ్వరంటండి. ఇంట్లో అంటే, తగ్గాక రమ్మంటారంట."

తుంటి ఎముక విరిగింది. దెబ్బ ఎలా తగిలిందని ఫారం అడిగిన చోట "ఇంట్లో జారిపడింది" అని నా చేత్తో రాశాను.

మర్నాడు యాజమాన్యం దిష్టి తీయించింది. గుమ్మడికాయను సరిగ్గా ఆ టైల్ మీదే కొట్టారు. హేతువాద సభల్లో దిష్టిని దుమ్మెత్తిపోసేవాణ్ణి కదా, నవ్వుకున్నాను. గుమ్మడికాయ వల్ల ఎవరి పనీ పోలేదు. నా రాత వల్ల పోయింది. నాలుగు నెలలకు ఆమె కర్ర పట్టుకుని వచ్చి పని అడిగితే, సూపర్‌వైజర్ నా ఫారమే తీసి చూపించాడు. "ఇంట్లో పడ్డావు. మాకేంటి సంబంధం?" ఆమె నావైపు చూసింది. నేను ఫిల్ములు సర్దుకున్నాను.

టైల్ అలాగే ఉంది. కాగితాల ప్రకారం అక్కడ ఎవరూ పడలేదు కదా! వానాకాలంలో ఒక నర్సు అక్కడే పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆమె కూడా ఇంట్లోనే పడిందట.

జాలిపడి రాశానని చాన్నాళ్ళు చెప్పుకున్నాను. నా ఉద్యోగం గురించి నాకున్న భయానికి అది మంచి పేరు.

మీ పక్కన మనిషి పడితే గ్రహచారం అనకండి. ఏ చోట పడిందో, దేనికి తట్టుకుని పడిందో ఆ పూటే రాయండి. చూసినవాళ్ళంతా కింద సంతకాలు పెట్టండి. ఒక నకలు పడిన మనిషి చేతికివ్వండి.