సగం మందు తుపాకి

మా వదిన రిబ్కమ్మ పేరు మీద తుపాకి లైసెన్సు ఉందని చెబితే కొత్తవాళ్లు ముందు నవ్వుతారు, తర్వాత ఆమెను చూసి ఇంకా నవ్వుతారు. మనిషి అయిదడుగులు కూడా ఉండదు. ఆదివారం మందిరంలో హార్మోనియం వెనక కూర్చుంటే ఎదుటివాళ్లకు జుట్టుముడి తప్ప ఏమీ కనిపించదు. నేను ఆమెకు మరిదిని. పేరు జోయల్. ఇచ్చోడలో పోస్టుమాన్‌గా చేసి రిటైరయ్యాను. మరిదిని కాబట్టి ఆమెను ఆటపట్టించే హక్కు నాకుంది, ముప్పై ఏళ్లుగా దాన్ని బాగానే వాడుకున్నాను. ఇప్పుడు చెప్పబోయే రోజున మాత్రం నా నోట ఒక్క పరాచికం రాలేదు.

వదిన మంథని దిక్కు వరి మళ్ల పిల్ల. పెళ్లయి మా ఊరొచ్చేదాకా అడవి పందిని చూసి ఎరగదు. ఇక్కడ మా చేలు అడవికి ఆనుకొనే ఉంటాయి. మక్క కంకి పాలు పోసుకుంటే చాలు, మందలు మందలుగా దిగుతాయి. అందుకని మా అన్న దేవసహాయానికి పంట కాపలా లైసెన్సు మీద ఒక నాటు తుపాకి ఉండేది. అది తూటాలు పెట్టి పేల్చే తుపాకి కాదు. గొట్టం మూతిలోంచి తుపాకి మందు పోసి, కాగితం కూరి, సీసం గుండ్లు వేసి, మళ్లీ కాగితం కూరి, పొడుగాటి చువ్వతో దట్టించాలి. వెనక నిప్పురవ్వ పుట్టించే చిన్న టోపీ పెట్టి మీట నొక్కితే పేలుతుంది.

అన్న నాలుగేళ్ల కింద పచ్చకామెర్లతో పోయాడు. పిల్లల్లేరు. తుపాకిని పోలీసులు తీసుకెళ్లారు. "పోనియ్ వదినా, పీడ పోయింది" అన్నాను. ఆమె వినలేదు. లైసెన్సు తన పేరు మీదికి మార్చుకోవడానికి రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఆడమనిషివి నీకు తుపాకెందుకమ్మా అన్న ప్రతి గుమాస్తాకూ ఒకటే జవాబు.

"పందులు ఇది మొగోళ్ల చేనా, ఆడోళ్ల చేనా అని అడిగి వస్తయా సార్?"

వచ్చిన తుపాకిని మొదటిసారి పేల్చినరోజే అది ఆమెను వెనక్కి తన్నింది. వెల్లకిలా పడింది, భుజం ఎముక చిట్లింది. ఆదిలాబాద్ డాక్టరు ఆరు వారాలు కట్టు కట్టి, మళ్లీ దాని జోలికి పోవద్దన్నాడు. నేను చెప్పలేదా అని నేను కూడా దెప్పాను. ఆమె కట్టుతోనే కూర్చుని ఆలోచించింది.

"మందు తక్కువ పోస్తె తక్కువ తంతది గద, జోయలూ."

"గుండ్లు నీ కాళ్ల మీదనే పడతయి."

"పడనీ. చూద్దాం."

అన్న దగ్గుమందు సీసా మూతతో మందు కొలిచేవాడు. వదిన ఆ మూత కొలతను తగ్గించుకుంటూ పోయింది. వాగు ఒడ్డున పాత చాటను నిలబెట్టి, మధ్యలో సున్నం బొట్టు పెట్టి, కట్టు విప్పిన మర్నాటి నుంచీ గురి నేర్చుకుంది. మొదట్లో గుండ్లు నిజంగానే సగం దూరంలో రాలిపోయాయి. పట్టు వదల్లేదు. చివరికి సగం మూత దగ్గర ఆమె భుజానికీ గుండ్లకూ రాజీ కుదిరింది. చప్పుడు చిన్నదే గాని పందులు బెదరడానికి చాలు. ఒకరోజు ఇరవై అడుగుల నుంచి కొడితే పది గుండ్లలో ఏడు సున్నంలో పడ్డాయి. నేను లెక్కపెట్టాను. ఆమె గర్వం చూడాలి.

ఇక ఆమె భయమల్లా మోతాదు పెరిగిపోతుందేమోనని. అన్న ఇనుప చువ్వ బరువని వెదురుతో ఒక చువ్వ చేసుకుంది. సరిగ్గా సగం మందు దట్టించాక, చువ్వ గొట్టంలో ఎంతవరకు దిగిందో చూసి, మూతి దగ్గర కాల్చిన మేకుతో గీత పెట్టింది. గీత మూతికి సరిపోతే తన మోతాదు. గీత పైకి నిలిస్తే ఎక్కువైనట్టు. నాటు తుపాకి ఉన్న ప్రతివాడి చువ్వకూ గీత ఉంటుంది, కాని వాళ్లు దాన్ని ఖాళీ గొట్టంలో పెట్టి గీస్తారు. గీత దాకా దిగితే లోపల ఏమీ లేదని అర్థం. ఆమె గీస్తున్నప్పుడు నేను పక్కనే ఉండి టీ తాగుతున్నాను. ఆ తేడా నా మట్టిబుర్రకు తట్టలేదు.

మాపటికి మందు దట్టించుకుని చేనుకు పోయేది. రాత్రి పేల్చే పని పడకపోతే తెల్లారి వాగు ఒడ్డు మట్టికి కొట్టి, ఖాళీ చేసి ఇంటికి తెచ్చేది. ఇంట్లో నిండు తుపాకి ఉంచకూడదని అన్న పెట్టిన నియమం.

మొన్నటి సర్పంచి ఎన్నికలప్పుడు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయాలన్నారు. బుధవారం పొద్దున్నే ఫోనొచ్చింది, తొమ్మిది లోపల తెమ్మని. వదిన తుపాకిని పాత దుప్పట్లో చుట్టి నా బండెక్కింది. ఠాణా పేరు చెప్పను, అక్కడివాళ్లు మంచివాళ్లే. వరసలో పదకొండు మంది మగవాళ్లు, ఈమె ఒకతె. కానిస్టేబుల్ హరీష్ ఒక్కో తుపాకిలో దాని చువ్వే దించి చూసి, రిజిస్టర్లో రాస్తున్నాడు. మాదాంట్లో కూడా దించాడు.

"గీత దాక పోయింది. ఖాళీ" అన్నాడు.

వదిన తలూపి సంతకం పెట్టింది. సాక్షిగా నేను పెట్టాను. తిరుగు దారిలో మిర్చి బజ్జీలు కూడా తిన్నాం.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆమె చెప్పుల్లేకుండా మా వాకిట్లోకి వచ్చింది. ముఖం చూసి ఎవరో పోయారనుకున్నాను.

"జోయలూ, నిన్న నేను వాగు కాడికి పోలే."

"అయితే ఏంది?"

"ఇప్పుడు చేనుకు పోతుంటె కాళ్లు ఒడ్డు దిక్కు తిరిగినయి. అప్పుడు యాదికొచ్చింది. ఫోనొచ్చినంక గాభరల అట్లనే చుట్టి తెచ్చిన. గా పోలీసాయన గీత దాక పోయిందన్నడు. నా గీతకు పోయిందంటె ఖాళీ ఎట్లయితది?"

పళ్లు తోముకుంటున్న బ్రష్షు నోట్లోంచి తీశాను. నిన్న బండి మీద ఆ గొట్టం మూతి నా చెవి పక్కనే ఉందని గుర్తొచ్చి చెవి తడుముకున్నాను. టోపీ తీసే ఉంది, నిజమే. అయినా మళ్లీ తడుముకున్నాను.

"నీకు సరిగ్గ యాది లేదేమో. రోజూ కొట్టేదే గద, నిన్న కూడా కొట్టినవేమో" అన్నాను.

"కొడితె కాగితం ఉంటది."

గొట్టంలో కూరడానికి ఆమె గోడకున్న, రోజుకో పేజీగా బైబిలు వాక్యాలుండే క్యాలెండరులో ఆనాటి పేజీ చింపి వాడుతుంది. మందు తక్కువ కాబట్టి కాగితం పూర్తిగా కాలదు, అంచులు మాడి ఒడ్డున పడుతుంది. ఇద్దరం వాగు దగ్గర మోకాళ్ల మీద వెతికాం. ఆరో తేదీ దొరికింది. ఏడు దొరికింది. ఎనిమిది రెండు ముక్కలుగా దొరికింది. మంగళవారం తొమ్మిదో తేదీ. అది మాత్రం లేదు. గడ్డి పీకి చూశాం, నీళ్లలో చూశాం, గాలికి పోయిందేమోనని తుమ్మ కంపలో చేయి పెట్టి గీరుకున్నాను. లేదు.

"తొమ్మిది తుపాకిల ఉన్నది" అంది వదిన.

ఇక్కడ నా సంగతి దాచకుండా చెప్పాలి. నేను పోవద్దన్నాను. నిండు తుపాకి జమ చేయడం నేరం, కేసవుతుంది, లైసెన్సు పోతుంది, రెండేళ్ల తిరుగుడు బూడిదవుతుంది. కంది చేను కాయ మీదుంది. పైగా సాక్షి సంతకం నాది, నా పింఛను ఏమవుతుందోనన్న భయం నాలో నాది.

"తాళమేసిన గదిల ఉంటది వదినా. ఎవ్వలు ముట్టరు. ఎన్నికలైనంక తెచ్చుకొని ఒడ్డుకు కొడుదువు. ఎవ్వలకు తెల్వది."

"ముడితె?"

"ఎందుకు ముడతరు?"

"ముడితే, జోయలూ?"

ఆమె పోయి నా బండి పక్కన నిలబడింది, నాకు తీయక తప్పలేదు. దారి పొడుగునా నా చొక్కాను పిడికిట్లో పట్టుకునే ఉంది. ప్రతి గుంతకూ నాకు తుపాకి పేలిన చప్పుడు వినిపిస్తున్నట్టే ఉంది.

ఠాణా బయట హరీష్ చెట్టు కింద బండి తుడుచుకుంటున్నాడు. సంగతి చెప్పగానే అతని ముఖంలో రంగు మారింది.

"గవి నిన్ననే వ్యాన్ల జిల్లాకు పోయినయి పెద్దమ్మా. ఈడుంటె నేనే గొట్టంల నీళ్లు పోసి ఎవ్వలకు చెప్పక ఊకుంటుంటి. ఇప్పుడెట్ల? రిజిస్టర్ల ఖాళీ అని నేనే రాసిన. నా నౌకరి పోతది. జర ఊకోండ్రి, మీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయాడు. వదిన అతని చేతులు పట్టుకుని ఆపింది. "నువ్వు చేసింది సరిగ్గనే చేసినవు బిడ్డా. నీ ఫికర్ నువ్వు పడకు" అని లోపలికి నడిచింది. వెనక నేను, నా వెనక అతను. ముగ్గురిలో నడక తడబడనిది ఆమె ఒక్కతే.

ఎస్సై నవీన అంతా నిలబడే వింది. వెంటనే జిల్లా ఆయుధాల గదికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. ఇంకో నంబరుకు చేసి, ఎవరినో పరుగెత్తమని, నాటు తుపాకులు ఎవరూ ముట్టుకోవద్దని అరిచింది. ఆ మనిషి లైనులోనే ఉంచి పరుగెత్తాడు. బూట్ల చప్పుడు, తలుపు చప్పుడు, తర్వాత ఏమీ లేదు. బల్ల మీద ఫోను తెరిచే ఉంది. మేం నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం.

ఆ నిశ్శబ్దంలోనే ఎస్సై అడిగింది. "కానిస్టేబుల్ చెక్ చేయలేదా?"

హరీష్ గోడకు ఆనుకున్నాడు. చేయలేదని వదిన ఒక్క మాటంటే తప్పు సగం అతని మీదికి పోతుంది.

"చేసిండు మేడం. అందరి గీత లెక్కనే చూసిండు. నా గీత వేరే. భుజం నొప్పికి మందు తక్కువ పోసుకుంటనని నేనే అట్ల గీసుకున్న. ఆ సంగతి గాయనకు నేను చెప్పాలె. చెప్పలే. తప్పు నాదే."

"ఇదే రాసియ్యాలె అమ్మా. రాస్తే మీ లైసెన్సు ఉండదు. తెలుసు కదా?"

"తెలుసు. కాగితమియ్యి."

ఆమె రాస్తూ ఉండగానే ఫోనులో ఎవరో దగ్గారు. ఎస్సై స్పీకరు చప్పుడు పెంచింది. అక్కడ తుపాకులు బాగుచేసే మనిషి, పేరు సాంబయ్య.

"దొరికింది మేడం. మందున్నది. తీసేసిన." ఊపిరి అందక ఆగాడు. "పాతవి పని చేస్తున్నయా లేవా చూసి రాయమన్నరు. ఖాళీవే అని రాసి ఉన్నయి గద, ఒక్కోదానికి టోపీ పెట్టి కొడుతున్న. మూడు అయినయి. దీనికి టోపీ పెట్టిన, గీ ఫోనున్నాయన ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు."

వదిన కలం కింద పెట్టింది. "మూతి ఎటు దిక్కు పెట్టినవు బిడ్డా?"

ఫోనులో తుపాకిని బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఎదురుంగ బెంచీ ఉన్నదమ్మా. నా భార్య టిఫిను తెచ్చి కూసున్నది."

వదిన ఫోను మీదికి వంగింది.

"ఆమె పేరేంది?" అని మాత్రం అడిగింది.

"కోమల."

కలం అందుకుని, మిగతా రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టింది. నేను కూడా పెట్టాను, ఈసారి చదివి పెట్టాను.

నెల తిరక్కముందే లైసెన్సు రద్దయినట్టు కాగితం వచ్చింది. కంది చేను సగానికి పైగా పందుల పాలైంది. ఇప్పుడు వదిన ఖాళీ నూనె డబ్బా కొడుతూ చేను చుట్టూ తిరుగుతుంది, అవి అంతగా బెదరవు. మొన్నొకరోజు ఆ తొక్కిన చాళ్లు చూసి నాకు కడుపు మండింది. ఆ రోజు పోకుండా ఉంటే ఈ గతి పట్టేది కాదు కదా అని నోరు జారాను. ఆమె డబ్బా కొట్టడం ఆపి నా వైపు చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"నువ్వు వద్దన్ననాడు నేను ఆగి ఉంటె, గా కోమల ఇయ్యాల ఏడ ఉంటుండె జోయలూ?"

నేను తల వంచుకుని ఆమె చేతిలోంచి డబ్బా తీసుకున్నాను. చేను ఆ చివరిదాకా కొట్టుకుంటూ పోయాను.